పెంకు సర్దే మనిషి: దీవుల మీది లైట్‌హౌస్‌లను నిలబెడుతున్న శ్రమదానం

గుంటూరు చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్లినా తాళం పడిన ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయి ఉంటారు, పెద్దవాళ్లు కాలం చేసి ఉంటారు. మొదటి వానాకాలానికి ఇంటికి ఏమీ కాదు. రెండో వానాకాలంలో పెంకు ఒకటి జారుతుంది. దాన్ని సర్దేవాళ్లు లేరు కాబట్టి ఆ కింద దూలం తడుస్తుంది, తడిసిన దూలానికి చెద పడుతుంది, నాలుగైదేళ్లకు కప్పు నడుం విరుగుతుంది. వాన ఎప్పుడూ పడేదే. పెంకు సర్దే మనిషి లేకపోవడమే కొత్త. మనిషి మసలని ఇల్లు పాడుపడుతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

దీవుల మీది లైట్‌హౌస్‌ల కథ అచ్చం ఇదే. తుఫానుకు, ఉప్పుగాలికి ఓర్చుకునేలా కట్టిన కట్టడాలవి. నూరేళ్లు, నూటయాభై ఏళ్లు నిక్షేపంగా నిలిచాయి. ఆ తర్వాత దీపం తనంతట తానే వెలిగి ఆరే ఏర్పాటు వచ్చింది. అప్పటిదాకా దీపాన్ని చూసుకున్న కీపర్లు, వాళ్ల భార్యాబిడ్డలు సామాను సర్దుకుని పడవెక్కారు. స్కాట్లాండ్‌లో ఆఖరి కీపర్లు 1998 మార్చి 31న ఫెయిర్ ఐల్ దీవి నుంచి దిగిపోయారు. ఇంగ్లండ్‌లో నార్త్ ఫోర్‌లాండ్‌తో అదే ఏడాది ఆ ఉద్యోగం ముగిసింది. అలా ఖాళీ అయిన చాలాచోట్ల, నూరేళ్ల గాలివానలు చేయలేని నష్టం పదిహేను ఇరవై ఏళ్లలో జరిగిపోయింది.

కీపర్ ఉద్యోగమంటే దీపం వెలిగించడమేనని అనుకుంటాం. అది రాత్రి పని. పాత దీపాల్లో గోడ గడియారంలోలాగా ఒక బరువు కిందికి దిగుతూ పైనున్న అద్దాన్ని తిప్పేది. కొన్ని గంటలకొకసారి ఆ బరువును చేత్తో తిప్పి మళ్లీ పైకెత్తాలి, తెల్లవార్లూ. పగటిపూట అంతకంటే పెద్ద పని ఉండేది. ఇనుప కమ్మీ మీద తుప్పుచుక్క కనబడితే అప్పుడే గీకి రంగు వేయాలి. కిటికీ అద్దం అంచున పుట్టీ రాలితే ఆ పూటే అద్దాలి. మసి తుడవాలి, ఇత్తడి తోమాలి, చూరు కాలువలో పడిన ఆకూ అలమూ తీయాలి. వీటిలో ఏదీ పద్దు పుస్తకంలో మరమ్మతుగా ఎక్కేది కాదు. అందుకే యంత్రం వచ్చినప్పుడు దీపం బాధ్యత యంత్రానికి అప్పగించారు గానీ ఈ పనులు ఎవరి ఖాతాలోనూ పడలేదు. ప్రపంచంలో పలుచోట్ల జీతం భత్యం లేకుండా దీవులకు వెళ్తున్న జనం చేస్తున్నది ఇదే. ఖాతాలో లేకుండా పోయిన పనిని తమ ఖాతాలో వేసుకుంటున్నారు. చందాలు పోగుచేసి పదేళ్లకొకసారి చేయించే పెద్ద మరమ్మతు కన్నా, ఏడాది పొడుగునా అక్కడ ఒక మనిషి ఉండటమే కట్టడాన్ని ఎక్కువ కాపాడుతుంది.

ఈ కిటుకును బాగా పట్టుకున్నది ఆస్ట్రేలియా దక్షిణ కొసన ఉన్న టాస్మేనియా రాష్ట్రం. దాని దక్షిణ తీరానికి పది కిలోమీటర్ల దూరంలో మాట్సైకర్ అనే చిన్న దీవి ఉంది. ఆ పక్క ఇక అంటార్కిటికా దాకా సముద్రమే. 1891లో అక్కడ దీపం వెలిగింది. వైర్‌లెస్ లేని తొలి రోజుల్లో కీపర్లు ఒడ్డుకు కబురు పంపాలంటే పావురాలే దిక్కు. 1996లో పాత దీపాన్ని ఆపేసి, కొండవాలున ఒక చిన్న సోలార్ దీపం పెట్టారు. గోపురం, అందులోని అద్దం, కీపర్ల ఇళ్లు మిగిలాయి.

అప్పుడు అక్కడి పార్కుల శాఖ ఆ ఇళ్లకు తాళం వేసి ఊరుకోలేదు. ఇద్దరేసి స్వచ్ఛంద సేవకులను దాదాపు ఆరు నెలల చొప్పున కాపురం పెట్టిస్తోంది. ఎక్కువగా భార్యాభర్తలే వెళ్తారు. హెలికాప్టర్ దింపి వెళ్తుంది. నెలల తరబడికి సరిపడా బియ్యం, పిండి, పప్పులు ముందే లెక్కగట్టి మోసుకెళ్లాలి. అంగడి లేదు, ఇరుగుపొరుగు లేదు. పొద్దున తొమ్మిదింటికి, మధ్యాహ్నం మూడింటికి మబ్బు, గాలి, అలల తీరు చూసి వాతావరణ శాఖకు పంపాలి. మిగతా పొద్దంతా గడ్డి కోయడం, గోడల మీది బూజు తుడవడం, దారులకు అడ్డం పడిన పొదలు నరకడం. ఫ్రెండ్స్ ఆఫ్ మాట్సైకర్ ఐలాండ్ అనే బృందం అదనంగా పెద్ద పనులకు మనుషుల్ని కూడగట్టుకుని వెళ్తుంటుంది.

గడ్డి కోయడాన్ని చిన్నచూపు చూడకూడదు. దీవి కాపలాలో సగం అదే. ఏడాదంతా చినుకు పడే చోట దారి కోయకపోతే ఒక్క రుతువులో మూసుకుపోతుంది. దారి మూసుకుపోతే గోపురం దగ్గరికి వెళ్లడం తగ్గుతుంది. తగ్గిందంటే, లోపల చెమ్మ ఎక్కడ మొదలైందో కనిపెట్టే కళ్లు ఉండవు. రోజుకు రెండుసార్లు వాతావరణం రాసే నియమం కూడా వాతావరణ శాఖకు పనికొస్తుందని మాత్రమే పెట్టింది కాకపోవచ్చు. ఆ నియమం వల్ల మనిషి గాలైనా వానైనా రోజుకు రెండుసార్లు గడప దాటి బయటికొచ్చి నాలుగు దిక్కులూ చూస్తాడు. తలుపు రెక్క ఊగుతున్నా, రేకు లేచినా అప్పుడు కంటబడుతుంది.

ఇక గోపురం పైకి ఎక్కితే కంటబడేది అద్దం. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెనెల్ కనిపెట్టిన ఈ తరహా అద్దాన్ని మొదట కార్డువాన్ లైట్‌హౌస్‌లో 1823లో వెలిగించారు. ఒకే పెద్ద మందపాటి గాజు బదులు, పట్టకాల్లాంటి గాజు ముక్కలను వలయాలుగా పేర్చి, దీపం నుంచి నలుదిక్కులకూ చెదిరిపోయే వెలుగును ఒక్క పట్టీగా వంచి సముద్రం మీదికి పంపడం దాని పని. మొదటి తరగతి అద్దంలో దీపానికీ గాజుకూ మధ్య 920 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. మనిషి లోపలికి వెళ్లి నిలబడవచ్చు. మాట్సైకర్ గోపురంలో బర్మింగ్‌హామ్ దగ్గరి చాన్స్ బ్రదర్స్ గాజు కంపెనీ చేసిన అలాంటి అద్దం ఇప్పటికీ ఉంది.

దాన్ని తుడవడానికి వెళ్లే మనిషి ముందు ఉంగరం తీసేస్తాడు, చేతి గడియారం తీసేస్తాడు, బెల్టు బకిల్ గీసుకోకుండా పైన గుడ్డ కట్టుకుంటాడు. మెత్తని నూలుగుడ్డతో ఒక్కో గాజు పలకనూ విడివిడిగా తుడుస్తాడు. అప్పుడే ఇత్తడి చట్రానికీ గాజుకూ మధ్య ఉన్న పుట్టీని వేలి కొసతో తడుముతాడు. పుట్టీ ఎండి పొడిగా రాలుతుంటే ఆ గాజు వదులైందని అర్థం. పని అయ్యాక మళ్లీ తెరలు దించాలి. వెలుగును బయటికి పంపే అద్దం పగటిపూట ఎండను లోపలికి కూడా అలాగే పోగుచేస్తుంది, పొరపాటున వదిలేస్తే నిప్పు పుట్టవచ్చు. కొన్నిచోట్ల అద్దం తేలిగ్గా తిరగడానికి కింద పాదరసం తొట్టి పెట్టేవారు. టన్నుల బరువు వేలితో తోస్తే తిరిగేది. ఆ పాదరసం ఆవిరి ఒంటికి విషం. పాత రంగు పొరల్లోని సీసం కూడా అంతే. ఉత్సాహం ఎంత ఉన్నా స్వచ్ఛంద సేవకులు తాకకూడని పనులివి. ఏది మనం చేయాలి, ఏది నిపుణులకు వదలాలి అన్న గీత ముందే గీసుకున్న బృందాలే ఎక్కువ కాలం నిలుస్తాయి.

గోడల దగ్గర జరిగే తప్పు మరో రకం. దాన్ని ఎక్కువగా మంచి మనసుతోనే చేస్తారు. పాత గోపురాల్లో చాలావాటిని సున్నం కలిపి కట్టారు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. పెచ్చు రాలిందని ఎవరో వచ్చి పైన సిమెంటు పూస్తారు. చూడ్డానికి గట్టిగా, నున్నగా ఉంటుంది. కానీ లోపలి చెమ్మకు బయటికి దారి మూసుకుపోతుంది. నీటితో పాటు ఉప్పు ఇటుకలోకి చేరి, నీరు ఆరినచోట స్ఫటికంగా మారి ఉబ్బుతుంది. రెండు మూడేళ్లకు సిమెంటు పొర పలకలా ఊడివస్తుంది, దానితోపాటు ఇటుక ముఖం కూడా వచ్చేస్తుంది. గోడకు అంతకుముందు లేని జబ్బు వైద్యంతో వచ్చిందన్నమాట.

ఈ సంగతి మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గుంటూరు, విజయవాడ వన్‌టౌన్ పాత ఇళ్లలో డంగు సున్నం గోడ మీద సిమెంటు పూయించి అవస్థపడిన కుటుంబాలు కొల్లలు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి గానుగలో సున్నం ఆడించిన మేస్త్రీల పనితనం ఇంకా పూర్తిగా కనుమరుగు కాలేదు. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు ఉన్నాయి, తీరంలో గుల్ల సున్నం కాల్చే అలవాటు ఉంది. విదేశాల్లో ఇలాంటి బృందాలు సున్నం పనిని శిబిరాలు పెట్టి మళ్లీ నేర్చుకోవాల్సి వస్తోంది. ఇక్కడ వృద్ధ మేస్త్రీని ఒకరిని పడవెక్కిస్తే చాలు, పక్కన నలుగురు కుర్రవాళ్లు నేర్చుకుంటారు.

పడవెక్కించడమే అసలు కష్టం. దీవి మీద ఏ పనికైనా సగం ఖర్చు, సగం కాలం ఒడ్డు చేరడానికే పోతాయి. ఊళ్లో వంద రూపాయల సున్నం బస్తా దీవి మీదికి చేరేసరికి దాని ధర ఎంతో పడవవాడికి కూడా తెలియదు. మేకులు మరిచిపోతే తెచ్చుకోవడానికి కొట్టు లేదు, ఆ రోజు పని ఆగినట్టే. పైగా ప్రాణం విషయం. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయిన సంగతి విజయవాడ మరిచిపోలేదు. అది నది, ఇది సముద్రం. లైఫ్ జాకెట్ లేకుండా అడుగు కదపకూడదన్నది, ఈ రోజు వద్దని సరంగు అంటే ఇక మారుమాట లేదన్నది మొదటి నియమం కావాలి.

ఆస్తి ఎవరిదన్న చిక్కు అమెరికాలో ఒక చట్టానికి దారితీసింది. అక్కడ తీర రక్షక దళం దగ్గర పనికిరాకుండా మిగిలిన చారిత్రక లైట్‌హౌస్‌లను, కాపాడతామని ముందుకొచ్చిన లాభాపేక్ష లేని సంస్థలకు, స్థానిక ప్రభుత్వాలకు ఉచితంగా అప్పగించేలా 2000లో చట్టం చేశారు. ఎవరూ రాకపోతే వేలం వేస్తారు. ఊరికే ఇస్తున్నారు కదా అని తీసుకున్నవాళ్లకు తర్వాత తెలిసివస్తుంది, ఉచితంగా వచ్చింది కట్టడం కాదు, దాని పోషణ భారమని. అయినా మొండిగా నిలబడ్డవాళ్లు ఉన్నారు. మసాచుసెట్స్ తీరంలో థాచర్ దీవి మీద 1771 నుంచి జంట దీపాలున్నాయి. ఇప్పుడున్న రాతి గోపురాలు 1861లో కట్టినవి. రెండు దీపాలూ ఒక వరుసలోకి వచ్చినట్టు కనబడితే అది సరిగ్గా ఉత్తర దిక్కు. నావికులు దాన్ని చూసి దిక్సూచి సరిచూసుకునేవారు. ఖర్చు దండగని 1932లో ఉత్తరపు దీపాన్ని ఆర్పేశారు. ఒంటి దీపంతో ఆ దిక్కు గుర్తు పోయింది. 1989లో స్థానికుల సంఘం ఉత్తరపు దీపాన్ని మళ్లీ వెలిగించింది. అద్దాల షోకేసులో వస్తువులా కాకుండా, ఏ పని కోసం కట్టారో ఆ పనికే తిరిగి పెట్టడం వల్ల ఆ సంఘం కష్టానికి విలువ పెరిగింది.

బోస్టన్ రేవు ముందున్న దీవి దీపం 1716 నాటిది, ఇప్పటి గోపురం 1783లో కట్టింది. అక్కడ 2003 నుంచి 2023 చివరి దాకా కీపర్‌గా ఉన్న శాలీ స్నోమన్ అమెరికా తీర రక్షక దళపు ఆఖరి అధికారిక కీపర్. ఆమె కూడా తొలుత ఆ దళానికి అనుబంధంగా ఉన్న స్వచ్ఛంద విభాగం మనిషే. జీతం లేకుండా మొదలైన శ్రద్ధే చివరికి ఆ కొలువుకు అర్హత అయింది.

అన్నిటినీ కాపాడలేమన్నదీ ఒప్పుకోవాలి. టాస్మేనియాకే చెందిన డీల్ దీవి దీపాన్ని 1848లో సముద్ర మట్టానికి 305 మీటర్ల ఎత్తున పెట్టారు. ఎంత ఎత్తైతే అంత దూరం కనబడుతుందన్న లెక్క కాగితం మీద బాగానే ఉంది. తీరా చూస్తే చాలా రాత్రులు అది మబ్బుల్లో మునిగి ఓడలకు కనబడేదే కాదు. 1992లో ఆర్పేశారు. అయినా అక్కడా స్వచ్ఛంద కాపలాదారులు మూడేసి నెలలు ఉండి వస్తున్నారు. పొరపాటు కూడా చరిత్రే కాబట్టి ఆ శ్రమ సబబే. మన దేశపు దక్షిణ కొస ఇందిరా పాయింట్‌లో మాత్రం శ్రద్ధ సరిపోని పరిస్థితి వచ్చింది. 1972లో అక్కడ దీపం వెలిగింది. 2004 డిసెంబరు 26న భూకంపంతో నేలే నాలుగు మీటర్లకు పైగా కుంగి, ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ పాదాలు నీళ్లలోకి వెళ్లాయి. నేల వదిలేసినప్పుడు మనుషులు చేయగలిగింది కొలతలు, బొమ్మలు, జ్ఞాపకాలు భద్రం చేయడమే.

మన రాష్ట్రంలో 2019 తర్వాత వాలంటీర్ అనే మాటకు వేరే అర్థం వచ్చింది. యాభై ఇళ్లకు ఒకరు ఉండేవారు, నెలకు ఐదు వేల గౌరవ వేతనం తీసుకుని గడపకు పింఛను తెచ్చిచ్చేవారు. అందుకే ఈ సందర్భంలో శ్రమదానం అన్న పాతమాటే మేలు. చట్టం వైపు నుంచి తలుపు కొంచెం తెరుచుకునే ఉంది. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో వచ్చిన కొత్త చట్టం కేంద్రం తన అధీనంలోని లైట్‌హౌస్‌ను వారసత్వ లైట్‌హౌస్‌గా ప్రకటించడానికి, చదువు, సంస్కృతి, పర్యాటకం కోసం దాన్ని వాడుకోవడానికి వీలు కల్పించింది. 2024 ఫిబ్రవరిలో దేశంలోని 75 లైట్‌హౌస్‌లలో పర్యాటక వసతులను ప్రారంభించారు. మంచిదే. కానీ పర్యాటకం రోడ్డున్న చోటికే ముందు వస్తుంది. దీపం చుట్టూ పార్కు, బల్లలు, టిక్కెట్ కౌంటర్ పెట్టగానే కట్టడం బాగుపడినట్టు కాదు. పైన పుట్టీ రాలుతున్నదో లేదో చూసేదెవరన్న ప్రశ్న టిక్కెట్ కౌంటర్‌తో తీరదు.

కృష్ణా డెల్టా తీరానికి వస్తే ఇక్కడి సమస్య రాతి దీవుల సమస్య లాంటిది కాదు. నిన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో కలిసిన నిజాంపట్నానికి 1606లో డచ్చివాళ్లు, 1611లో గ్లోబ్ ఓడలో ఇంగ్లీషువాళ్లు వర్తకానికి వచ్చారు. అప్పట్లో దాన్ని పెద్దపల్లి అనేవారు. అంత పాత రేవులున్న తీరంలో అంత పాత కట్టడాలు మిగలకపోవడానికి ఇక్కడి నేలే కారణం. నది సముద్రంలో కలిసే మొగలు జరుగుతాయి, ఇసుక మేటలు కొత్త దీవులవుతాయి, పాతవి కోసుకుపోతాయి. కాకినాడ ముందు 16 కిలోమీటర్ల పొడవున ఉన్న హోప్ ఐలాండ్ గోదావరి మేటవేసిన ఇసుకే, దాని వయసు సుమారు రెండు వందల ఏళ్లే. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఏమైందో చెప్పగలిగినవాళ్లు ఇప్పటికీ విజయవాడలో ప్రతి వీధిలో ఉన్నారు. ఇలాంటి చోట రాయిని కాపాడటం కన్నా ముందు రాసిపెట్టడం మొదలుకావాలి. ఒడ్డు గోపురానికి ఎన్ని అడుగుల దూరంలో ఉంది, నెలనెలా ఒకే చోట నిలబడి తీసిన ఫొటోలో పగులు ఎంత పెరిగింది, ఏ అమావాస్య పోటుకు నీళ్లు మెట్టు దాకా వచ్చాయి. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. గుంటూరు చుట్టూ లెక్కలేనన్ని ఇంజినీరింగ్ కాలేజీలు, వాటిలో ఎన్ఎస్ఎస్ దళాలు ఉన్నాయి. కొలిచి గీయగల చేతులకు కొదవలేదు.

అయితే నగరం నుంచి ఆదివారం పూట వెళ్లే బృందం కీపర్ కాలేదు. మాట్సైకర్ మీద కాపురముండే జనం లేరు కాబట్టి అక్కడ బయటివాళ్లను దింపాల్సి వచ్చింది. మన దీవుల్లో మనుషులున్నారు. ఎదురుమొండివాళ్లు పంటు మీద ఏరు దాటుతూ బతుకుతున్నారు. నాగాయలంక నుంచి మడ అడవుల మధ్యగా బోటులో లైట్‌హౌస్ దాకా తీసుకెళ్లే సరంగుకు, కిందటి ఏడు ఒడ్డు ఎక్కడుందో ఏ పుస్తకమూ అక్కర్లేదు. చేతిలో జీపీఎస్ ఉన్నా వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు కంటితో దీపాన్ని వెతుక్కునేది ఆ చిన్న పడవలవాళ్లే. రోజూ ఆ దారిన పోయే మత్స్యకార కుటుంబం ఒకదానికి తాళం చెవి, ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఆ పనికి తగిన డబ్బు ఇవ్వాలి. శ్రమదానం నగరంవాళ్లు చేయవచ్చు. రోజు కూలి మీద బతికేవాళ్లను ఉచితంగా కాపలా కాయమనడం న్యాయం కాదు.

పనికి రోజులు కూడా ఇక్కడి క్యాలెండర్ ప్రకారమే దొరుకుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల భయం. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికి వస్తాయి. అప్పుడు రాత్రిపూట లైటు వేస్తే పిల్లలు సముద్రం ఎటో తెలియక దారి తప్పుతాయి కాబట్టి శిబిరం పెట్టకూడదు. ఆ చుట్టుపక్కల చాలాభాగం 1989 నుంచి కృష్ణా అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. జూన్ నడిమి తర్వాత వానలు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఏప్రిల్ చివర, మే నెల. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధం. మరబోట్లు ఒడ్డున కట్టేసి ఉంటాయి, సరంగులకు పని ఉండదు. మత్స్యశాఖ ఒప్పుకుంటే అదే బోట్లకు సామాను మోసే బాడుగ దొరుకుతుంది.

మే ఎండలో సున్నపు పూతకు ఒక చిక్కుంది. పైపొర గబగబా ఆరితే పగుళ్లిస్తుంది. పొద్దెక్కకముందే పూసి, తడిపిన గోనెపట్టాలు కప్పి, సాయంత్రం దాకా వాటి మీద నీళ్లు చల్లుతుండాలి. చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు దానికి పనికిరావు. కాబట్టి బోటులో సున్నం బస్తాల కన్నా ముందు మంచినీళ్ల డ్రమ్ములు ఎక్కాలి. ఎన్ని డ్రమ్ములు కావాలో మేస్త్రీ చెప్పాలి, బోటు ఎన్ని మోయగలదో సరంగు చెప్పాలి. గోడకు ఆ రోజు ఎన్ని గజాల పూత పడుతుందో ఆ రెండు లెక్కలే తేలుస్తాయి.